కష్టమైన వారంలోనూ సాగే వ్యాయామం

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో కొంతకాలంగా వస్తున్న ఆరోగ్య కథనాలను శ్రద్ధగా చదువుతున్న పాఠకురాలిని. మూడు నెలల్లో 20 కిలోలు తగ్గిన యువకుడు, రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేచి 10 కిలోమీటర్లు పరుగెత్తే ఇల్లాలు, ఏడాది పొడుగునా ఒక్కరోజు కూడా జిమ్ మానని ఉద్యోగి, ఇలాంటివారిని మీరు ఎంతో అభిమానంతో పరిచయం చేస్తున్నారు. వారి కష్టాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను. అయితే చదువు కోసం నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలోనే స్థిరపడి, చాలా ఏళ్లుగా ఇక్కడ ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నదాన్ని కాబట్టి, ఆ కథనాల్లోకి రాని మనుషులు నాకు ఎక్కువగా కనిపిస్తారు. కొత్త సంవత్సరానికో ఉగాదికో గట్టిగా నిశ్చయించుకుని, మొదటి రోజు నుంచే గంటన్నర వ్యాయామం మొదలుపెట్టినవారు ఆరో వారానికో ఎనిమిదో వారానికో మడమ నేల మీద మోపలేక, మోకాలు వాచి, భుజం పైకెత్తలేక మా దగ్గరకు వస్తారు. నొప్పి తగ్గుతుంది. తగ్గిన తరువాత మాత్రం వారిలో చాలామంది మళ్లీ వ్యాయామం జోలికి పోరు. "మా ఒంటికి ఇవన్నీ పడవండి, మేమింతే" అనేస్తారు. ఆ నిరాశ వల్ల వారు పోగొట్టుకునేది ఆ మోకాలి నొప్పి కన్నా చాలా పెద్దది.

నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. వ్యాయామమైనా, ఇంటా బయటా మనం తలకెత్తుకునే రోజువారీ బాధ్యతలైనా, ఎంత చేయాలో నిర్ణయించుకునేటప్పుడు అన్నీ కలిసివచ్చిన వారాన్ని ప్రమాణంగా పెట్టుకోకూడదు. పిల్లవాడికి జ్వరం వచ్చి, ఆఫీసులో నెలాఖరు పని మీద పడి, ఊరి నుంచి అత్తగారూ మామగారూ వైద్యపరీక్షల కోసం వచ్చి ఉన్న వారం ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా వస్తుంది. ఆ వారంలో కూడా చేయగలిగినంతే మన కనీస పరిమాణం కావాలి. వీలున్న రోజుల్లో అంతకన్నా ఎక్కువ చేసుకోవచ్చు, సంతోషంగా చేయాలి కూడా. మాట ఇచ్చేటప్పుడు మాత్రం, అది మనకు మనం ఇచ్చుకునేదైనా ఇతరులకు ఇచ్చేదైనా, ఆ కనీస పరిమాణానికే ఇవ్వాలి.

ఇది బద్ధకాన్ని వెనకేసుకొచ్చే వాదన అని దయచేసి ఎవరూ అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన అంచనాల ప్రకారం, 2022 నాటికి మన దేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. స్త్రీలలో ఆ వాటా సుమారు 57 శాతం, పురుషులలో 42 శాతం. మన చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి చేసిన దేశవ్యాప్త అధ్యయనం 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ 2023లో లెక్కకట్టింది. ఇంత పెద్ద సంఖ్యలో మనుషులను కదిలించాలంటే వందమందిలో ఇద్దరు ముగ్గురు మాత్రమే నిలబెట్టుకోగల నియమాలను ఆదర్శంగా చూపించడం వల్ల లాభం లేదు. మిగిలిన వారు వాటిని చూసి మెచ్చుకుంటారు, కొన్నాళ్లు ప్రయత్నిస్తారు, ఆ తరువాత తమను తాము ఆరంభశూరులుగా ముద్ర వేసుకుని కూర్చుంటారు. నా అనుభవంలో లోపం వారి స్వభావంలో లేదు, మొదట్లోనే ఎత్తుకున్న బరువులో ఉంది.

శాస్త్రం అడుగుతున్నది కూడా మనం ఊహించుకున్నంత కఠినమైనదేమీ కాదు. వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో శ్రమ చేయాలనీ, వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలనీ, 65 ఏళ్లు దాటినవారు వీటితో పాటు మూడు రోజులైనా తూలిపడకుండా నిలదొక్కుకునే సాధన చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఓ మోస్తరు వేగమంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడడానికి మాత్రం ఊపిరి చాలకూడదు; అంతకు మించిన పరికరం ఏదీ అక్కర్లేదు. అంతకుముందు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నడకైనా మరొకటైనా ఒక్క విడతలో కనీసం 10 నిమిషాలు సాగితేనే లెక్కలోకి వస్తుందన్న నియమం ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. బస్ స్టాప్ వరకు నడిచిన ఐదు నిమిషాలు, మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ వదిలి మెట్లెక్కిన రెండు నిమిషాలు, భోజనం తరువాత మేడ మీద అటూ ఇటూ తిరిగిన పావుగంట, అన్నీ ఇప్పుడు లెక్కలోకి వస్తాయి. ఇంత ముఖ్యమైన మార్పు గురించి మన తెలుగు కుటుంబాల్లో వినని వారే ఎక్కువ అని నాకు రోగులతో మాట్లాడేటప్పుడు తెలుస్తూ ఉంటుంది. రోజుకు 10,000 అడుగులు అన్న మాట మాత్రం విననివారు లేరు.

ఆ 10,000 సంఖ్య ఏ వైద్య పరిశోధనలోంచీ పుట్టలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తెచ్చిన ఉత్సాహం చల్లారకముందే, 1965లో జపాన్‌లోని ఒక సంస్థ అడుగులు లెక్కించే పరికరాన్ని ఆ సంఖ్య పేరుతోనే అమ్మకానికి పెట్టింది. గుర్తుపెట్టుకోవడానికి సులువుగా ఉండడంతో అది ప్రపంచమంతా పాకింది. అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న సుమారు 16,700 మంది స్త్రీలను గమనించి 2019లో వెలువరించిన ఒక అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగుల దగ్గర ఉన్నవారితో పోలిస్తే 4,400 అడుగుల దగ్గర ఉన్నవారిలో మరణాల రేటు 41 శాతం తక్కువగా కనిపించింది. సుమారు 7,500 అడుగుల వరకు ఆ మేలు పెరుగుతూ పోయి అక్కడ నిలిచిపోయింది. ఇది ఎవరికీ ఇన్ని అడుగులని నిర్ణయించకుండా, వారు నడిచే తీరును ఉన్నదున్నట్లు గమనించిన అధ్యయనం గనుక నడక ఒక్కటే దీనికి కారణమని అనలేం. అయినా ఇంట్లోంచి కదలని 70 ఏళ్ల అమ్మమ్మకు 10,000 అడుగుల లక్ష్యం పెట్టి భయపెట్టడం కన్నా, ఇప్పుడు నడుస్తున్నదానికి మరో పావుగంట కలపమని చెప్పడమే ఆమెకు మేలని ఇది స్పష్టంగా సూచిస్తోంది.

తమిళనాడు ప్రభుత్వం 2023 నవంబరులో అన్ని జిల్లాల్లోనూ 8 కిలోమీటర్ల ఆరోగ్య నడక బాటలను ప్రారంభించింది. చెన్నైలో అది బెసంట్ నగర్ వైపు ఉంది. నడకను ప్రభుత్వ కార్యక్రమంగా గుర్తించి, దారి చూపి, నెలకొకసారి నడిచేవారికి వైద్య శిబిరం కూడా పెట్టడం ఎంతో మంచి ఆలోచన. నా దగ్గరకు వచ్చేవారిని నేను అక్కడికి పంపుతూనే ఉన్నాను. కానీ 8 కిలోమీటర్లంటే మామూలు నడకలో గంటన్నరకు పైనే పడుతుంది. మొదటి ఆదివారం ఉత్సాహంగా మొత్తం నడిచి, రెండో ఆదివారం కాళ్లు పీకుతున్నాయని మానేసినవారు, కిలోమీటరు వెళ్లి కిలోమీటరు తిరిగి వచ్చే అలవాటును వారానికి నాలుగు రోజులు చేసుకున్నట్లయితే ఎక్కువ లాభపడి ఉండేవారు. అలాంటి బాటల మీద ప్రతి కిలోమీటరు దగ్గరా "ఇక్కడి నుంచి తిరిగి వెళ్లినా ఈ రోజుకు చాలు" అని కొత్తగా నడక మొదలుపెట్టినవారికి తమిళంలోనూ ఇతర భాషల్లోనూ ధైర్యం చెప్పే బోర్డు ఉండాలని కోరుకుంటున్నాను.

కొత్తగా మొదలుపెట్టినవారికి దెబ్బలు ఎందుకు తగులుతాయో కొంచెం వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఇది తెలిసినవారు తమను తాము నిందించుకోవడం మానేస్తారు. వ్యాయామం మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు మెరుగుపడతాయి. మనిషికి ఆయాసం తగ్గుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది, ఇంకా ఎక్కువ చేయగలనన్న నమ్మకం కలుగుతుంది. కానీ కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకు రక్తప్రసరణ తక్కువ; అవి కొత్త భారానికి అలవాటుపడడానికి నెలలు పడుతుంది. ఎముకలూ అంతే. అంటే ఊపిరి "ఇంకా పరుగెత్తు" అంటున్న సమయానికి మడమ వెనుక ఉన్న టెండన్, అరికాలి పట్టీ, మోకాలి చిప్ప కింది భాగం ఇంకా సిద్ధంగా ఉండవు. ఆరో వారం, ఎనిమిదో వారం దగ్గర నొప్పులు మొదలుకావడానికి చాలాసార్లు కారణం ఇదే. వ్యాయామం చేసిన మరునాడూ ఆ మరునాడూ కండరాలు పట్టేసినట్లుండి మెల్లగా సర్దుకోవడం సహజం. పొద్దున మంచం దిగగానే మడమలో గుచ్చినట్లుండే నొప్పి, రోజులు గడిచేకొద్దీ పెరిగే నొప్పి, ఒక్క చోటే వేలు పెట్టి చూపించగలిగే నొప్పి వేరు. అవి పరిమాణం తగ్గించమని శరీరం చెబుతున్న సంకేతాలు. ఆ దశలో సగానికి తగ్గించినవారు సాధారణంగా కొన్ని వారాల్లో కోలుకుని కొనసాగుతారు. నొప్పిని అణచుకుని, శిక్షకుడి దగ్గర మాట పడతామేమోనన్న బిడియంతో కొనసాగించినవారు నెలల తరబడి ఆగిపోవలసి వస్తుంది.

మెల్లగా చేసేదాంట్లో ఫలితం ఉంటుందా అని అడిగేవారికి నేను ఈ నగరంలోనే జరిగిన ఒక పరిశోధన గురించి చెబుతాను. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిని మూడేళ్లపాటు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. వారు మనలాంటి మధ్యతరగతి ఉద్యోగులు, వారి కుటుంబసభ్యులు. ఒక వర్గం వారికి ఆహారంలో చక్కెర, కొవ్వు, పాలిష్ పట్టిన ధాన్యం తగ్గించుకోమనీ, కూర్చుని చేసే పనైతే రోజుకు కనీసం అరగంట చురుగ్గా నడవమనీ చెప్పారు. ఒళ్లు వంచి పనిచేసే వృత్తుల్లో ఉన్నవారికి మరో వ్యాయామం పెట్టకుండా, చేస్తున్న పనినే కొనసాగించమన్నారు. ప్రత్యేక సలహా ఏదీ ఇవ్వని వర్గంలో మూడేళ్లలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది, ఈ మార్పులు చేసుకున్న వర్గంలో సుమారు 39 శాతం మందికే వచ్చింది. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా తోచే విషయం, వారి శరీర బరువు చెప్పుకోదగ్గంత తగ్గకపోయినా ఈ మేలు జరగడం. బరువు యంత్రం మీద అంకె కదలలేదని నెల తిరక్కుండానే నడక మానేసే ఎందరికో ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. మీ అనుబంధంలో వచ్చే "ముందు, తరువాత" ఫొటోల్లో కనిపించని మార్పు ఇది; రక్తపరీక్షలో, మెట్లెక్కేటప్పుడు ఊపిరిలో, రాత్రి నిద్రలో మాత్రమే తెలుస్తుంది.

ఒక రోజు తప్పితే అంతా పాడైపోయినట్లు భావించడం మరో చిక్కు. అపార్ట్‌మెంట్లలోనూ ఆఫీసుల్లోనూ 21 రోజులనీ 100 రోజులనీ పెట్టే పోటీల్లో, ఫోన్‌లోని యాప్‌లలో, ఒక్క రోజు మానితే లెక్క మళ్లీ సున్నా దగ్గరకు పోతుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక కొత్త పని దానంతట అదే జరిగిపోయే అలవాటుగా మారడానికి మధ్యగతంగా, అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ అన్న లెక్కలో, 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు ఉండవచ్చని లెక్కతేలింది. మధ్యలో ఒకసారి తప్పినా అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని కూడా వారు గుర్తించారు. పోటీలు నిర్వహించేవారు ఈ సంగతి గమనించి, వారానికి నాలుగు రోజులు నడిచినవారినీ ఏడు రోజులు నడిచినవారితో సమానంగా గౌరవించే పద్ధతి పెట్టాలి. జ్వరంతో ఉన్నా లెక్క పోతుందని నడిచే మనిషిని మెచ్చుకోవడం ప్రమాదకరమైన అలవాటు. జ్వరం తగ్గిన తరువాత కూడా నాలుగు రోజులు సగం వేగంతో నడవమనే మేం చెబుతాం.

ఇక ఇళ్ల సంగతికి వస్తాను. స్త్రీలలో 57 శాతం, పురుషులలో 42 శాతం అన్న తేడాను చూసి స్త్రీలకు ఆసక్తి తక్కువని అనుకోవడం అన్యాయం. తెల్లవారక ముందే పాల ప్యాకెట్లతో మొదలై, నీళ్ల మోటారు, టిఫిన్లు, లంచ్ బాక్సులు, స్కూలు వ్యాన్, ఆ తరువాత తన ఉద్యోగం, సాయంత్రం పిల్లల ట్యూషన్లు, రాత్రి వంట, మరునాటికి ఇడ్లీ పిండి వరకు సాగే దినచర్యలో వ్యాయామానికి చోటెక్కడుందో చూపించకుండా "మనసుంటే మార్గముంటుంది" అనడం తేలిక. తెల్లవారుజామున నాలుగింటికి లేవమని సలహా ఇవ్వడం ఇంకా తేలిక. రాత్రి 11 గంటలకు గాని పడుకోలేని మనిషి నాలుగింటికి లేస్తే ఆమె నిద్రలోంచే ఆ గంటను దొంగిలించినట్లవుతుంది. నేను చికిత్స చేసే కుటుంబాల్లో భర్తనో, ఎదిగిన కొడుకునో కూర్చోబెట్టి, వారంలో నాలుగు రోజులు పొద్దుటి టిఫిన్ పని మీరు చూసుకోగలరా అని నేరుగా అడుగుతాను. వ్యాయామ పట్టిక రాసివ్వడం కన్నా ఈ ప్రశ్న ఎక్కువ పనిచేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీ కథనాల్లో తెల్లవారుజామున పరుగెత్తే గృహిణిని పరిచయం చేసినప్పుడు, ఆ సమయంలో ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరు ఉన్నారో కూడా ఒక వాక్యంలో రాస్తే, చదివే ఇళ్లలో అది మంచి చర్చకు దారితీస్తుంది.

వ్యాయామానికి చోటు దొరకాలంటే మిగిలిన బాధ్యతల్లో కొన్ని తగ్గాలి. తెలుగువాళ్లం మొహమాటస్థులం. పరాయి రాష్ట్రంలో ఉన్నాం కాబట్టి నలుగురితో కలిసి ఉండాలన్న తపన ఇంకొంచెం ఎక్కువ కూడా. అపార్ట్‌మెంట్ సంఘంలో కోశాధికారి పదవి, ఉగాది కార్యక్రమానికి పిల్లలతో నాటకం వేయించే పని, ఆదివారం తెలుగు పాఠాలు, కార్తీక వనభోజనాల ఏర్పాట్లు, శనివారం రాత్రి బయలుదేరి గూడూరులోనో నెల్లూరులోనో పెళ్లి చూసుకుని సోమవారం ఉదయానికి ఆఫీసులో ఉండడం, ఇవన్నీ మంచి పనులే, ఒక్కొక్కటిగా చూస్తే దేన్నీ కాదనలేం. అన్నిటికీ తలూపిన మనిషికి మూడు నెలల తరువాత ఏదీ సరిగ్గా చేయలేక, నిద్ర తగ్గి, మెడ పట్టేసి, ఇంట్లో వాళ్ల మీద విసుక్కునే పరిస్థితి వస్తుంది. అప్పుడు చేసే పని ఒకేసారి అన్నీ వదిలేయడం. దానివల్ల సంఘానికీ నష్టమే, ఆ మనిషికీ మనసులో వెలితే.

ఇక్కడ కూడా నేను అదే కొలతను సూచిస్తాను. ఒక బాధ్యత ఒప్పుకునే ముందు, ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేని వారంలో కూడా దీన్ని చేయగలనా అని ఆలోచించుకుని, చేయలేననిపిస్తే పరిమాణం తగ్గించి ఒప్పుకోవాలి. "కోశాధికారిగా ఉండలేను గానీ ఏటా ఆడిట్ సమయంలో లెక్కలు సరిచూసి పెడతాను" అనవచ్చు. "ప్రతి ఆదివారం రాలేను, నెలలో రెండు ఆదివారాలు పాఠం చెబుతాను" అనవచ్చు. పెళ్లికి వెళ్లలేకపోతే ఫోన్‌లో ఆశీర్వదించి, ఆ తరువాత తీరుబడిగా ఓ రోజు కొత్త దంపతులను ఇంటికి పిలిచి భోజనం పెట్టవచ్చు. అడిగేవారు కూడా ఇలాంటి సగం ఒప్పుకోలును చిన్నచూపు చూడకుండా సంతోషంగా స్వీకరించాలి. నెలకు రెండు ఆదివారాలు ఐదేళ్లపాటు వచ్చే ఉపాధ్యాయురాలు, మూడు నెలలు ప్రతి వారం వచ్చి మానేసిన వారి కన్నా పిల్లలకు ఎంతో ఎక్కువ మేలు చేస్తారు.

చెన్నై వాతావరణం గురించి ఒక మాట. ఏప్రిల్ నుంచి జూన్ వరకు, ముఖ్యంగా కత్తిరి ఎండల రోజుల్లో, తెల్లవారుజామున కూడా గాలిలో తేమ ఎక్కువగా ఉండి చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. జనవరిలో సులువుగా నడిచిన దూరం మే నెలలో గుండెకు ఎక్కువ పనిపెడుతుంది. శరీరం కొత్త వేడికి అలవాటుపడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఎండలు ముదిరినప్పుడు వేగం, సమయం రెండూ తగ్గించుకోవడం తెలివైన పని. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలకు వీధులు మునిగినప్పుడు ఇంట్లోనే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం, మెట్ల రెయిలింగ్ పట్టుకుని మడమలెత్తి దించడం చేయవచ్చు. ఒకసారి సంపాదించుకున్న కండబలాన్ని వారానికి ఒకటి రెండు సార్లు చేసే సాధనతో చాలాకాలం నిలుపుకోవచ్చు. ఈ సంగతి తెలిస్తే వానల నెలలు నేరభావం లేకుండా గడుస్తాయి.

మెల్లగా చేయమన్నాను కదా అని హెచ్చరికలను పట్టించుకోకుండా ఉండకూడదు. నడిచేటప్పుడు ఛాతీలో బరువుగా ఉన్నా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు, గుండెజబ్బు ఉన్నవారు మొదలుపెట్టే ముందే అడగాలి.

వ్యక్తుల గురించి ఇంత రాశాక చోటు గురించి రాయకపోతే సగమే చెప్పినట్లవుతుంది. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు 1990ల చివరి నుంచి చేసిన చెన్నై జనాభా అధ్యయనంలో ఏషియాడ్ కాలనీ అనే మధ్యతరగతి కాలనీ ఉంది. మధుమేహం గురించి అవగాహన సభలు జరిగాక, అక్కడి నివాసులు నడవడానికి చోటు లేదని గ్రహించి తమ డబ్బుతో తామే ఒక పార్కు కట్టుకున్నారు. కొన్నేళ్ల తరువాత మళ్లీ లెక్క చూస్తే, వారానికి మూడు రోజులకు పైగా వ్యాయామం చేసేవారు 14.2 శాతం నుంచి 58.7 శాతానికి పెరిగారు. ఏ ఒక్కరూ వీరోచితమైన ప్రతిజ్ఞలు చేయలేదు. గుమ్మం దిగగానే నడవడానికి నీడ, చదునైన బాట, తెలిసిన ముఖాలు దొరికాయి. తెలుగు పత్రికా రంగానికి పెద్దదిక్కుగా నిలిచిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరుతో మైలాపూరు లజ్ దగ్గర ఉన్న పార్కులో పొద్దునా సాయంత్రమూ నడిచే వృద్ధులను చూస్తే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. 2019లో టీ.నగర్ పాండీ బజారులో వెడల్పాటి కాలిబాటలు వేశాక అక్కడ పెద్దవాళ్లు మనవళ్ల చెయ్యి పట్టుకుని నడవగలుగుతున్నారు. ఉత్తర చెన్నైలో మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న తండియార్‌పేట, వ్యాసర్‌పాడి వీధుల్లో కూడా అలాంటి కాలిబాటలు కావాలని అడగడం, జిమ్ సభ్యత్వాలకు రాయితీ అడగడం కన్నా న్యాయమైన కోరిక.

చివరిగా మీ పత్రికకు కొన్ని విన్నపాలు. అసాధారణ విజయాల కథనాలు వేయండి, వాటితో పాటు పదేళ్లుగా రోజుకు అరగంట నడుస్తున్న పోస్ట్‌మాస్టరు గురించీ, మోకాలి ఆపరేషన్ తరువాత మెల్లమెల్లగా మెట్లెక్కడం నేర్చుకున్న అమ్మమ్మ గురించీ, రోజంతా నాలుగిళ్లలో పనిచేసి వచ్చే మనిషికి అదనపు వ్యాయామం కన్నా విశ్రాంతి, నడుము బిగుతు తగ్గించే సాధన ఎందుకు అవసరమో దాని గురించీ కూడా రాయండి. మూడు నెలల్లో బరువు తగ్గినవారి కథ వేసినప్పుడు, రెండేళ్ల తరువాత మళ్లీ వారిని పలకరించి ఏం కొనసాగుతోందో, ఏం మానేశారో, ఎందుకు మానేశారో నిజాయితీగా ప్రచురించండి. జనవరిలోనూ ఉగాదికీ వచ్చే వ్యాయామ పట్టికల పక్కన, ఒంట్లో బాగాలేని వారానికి, ప్రయాణాల వారానికి, పరీక్షల వారానికి సరిపడే చిన్న పట్టిక ఒకటి తప్పనిసరిగా ఇవ్వండి. అలాంటి పట్టికను వయసుల వారీగా తయారుచేసి ఇవ్వడానికి, పాఠకుల ప్రశ్నలకు నెలకొకసారి సమాధానాలు రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పారితోషికం అవసరం లేదు, ప్రతి నెలా ఒకసారి మాత్రం తప్పకుండా రాయగలను.

భవదీయురాలు,
ఒక ఫిజియోథెరపిస్టు,
మైలాపూరు, చెన్నై